పెనం మీద తెల్లపొడి

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా ఉన్నప్పుడు వదినా అనో అక్కా అనో మర్యాదగా పిలిచి, ఆమె అటు తిరగగానే భూతద్దం అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? ఎదుటి కొట్టు అద్దంలో వాళ్ళ పెదవులు కదలడం చూస్తూనే ఉండేది.

పాలవాడు పాలు పోస్తుంటే, "ఏమయ్యా, నీ పాలు ఇవాళ మరీ హుషారుగా పారుతున్నాయే?" అనేది. కూరగాయలమ్మి తూకం వేస్తుంటే కాటా కిందికి వంగి చూసేది. మొగుడు నవ్వుతూ ఇంటికొస్తే ఎందుకు నవ్వుతున్నావనీ, మొహం మాడ్చుకుని వస్తే ఏం దాస్తున్నావనీ కూపీ లాగేది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఏ మొహంతో లోపలికి రావాలో గుమ్మం దగ్గర నిలబడి తేల్చుకుని మరీ వచ్చేవాడు. నన్నడిగితే ఆ మహానుభావుడికి శాలువా కప్పాలి.

ఇంతమందిని అనుమానించిన మనిషి దోసెలను మాత్రం ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు. డిపో గోడకు ఎదురుగా వాళ్ళ వీధిగది. షట్టరు పైకెత్తితే ఓ పొయ్యి, ఓ గట్టు, రెండు బెంచీలు. తెల్లారేసరికి డ్రైవర్లూ, కండక్టర్లూ, పక్కకొట్టు టైలరూ బెంచీల మీద సర్దుకునేవారు. సాయంత్రం అదే పొయ్యి చిన్నకోడలి చేతికి వచ్చేది. ఆమె నర్సుల హాస్టలుకు చపాతీలు చేసి పంపేది. అన్నదమ్ములిద్దరివీ ఒకే ఇల్లు, ఒకే వంట, తోడికోడళ్ళిద్దరికీ ఒకే పొయ్యి. పెనాలు మాత్రం వేరు.

అసలు ఆ ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు, పెనాలూ మూడే. అత్తగారిది అన్నిటికంటే చిన్నది. ఆవిడ రాత్రిపూట జొన్నరొట్టె తప్ప ఇంకోటి ముట్టదు. జొన్నపిండికి సాగే గుణం లేదు, కర్రపెట్టి ఒత్తితే బీటలు వారుతుంది. అందుకని వేడినీళ్ళతో మెదిపి అరచేత్తో తట్టి, పెనం మీద వేశాక పైన తడిచేత్తో నిమిరేది. రొట్టె దిగాక పెనానికి పిండి అట్టకట్టి ఉంటుంది కాబట్టి పొడివేసి బరబరా తోమి, తుప్పు పట్టకుండా ఇంత నూనె రాసి పెట్టేది. పుట్టింట్లో నేర్చిన పద్ధతి, ఈ వయసులోనూ తప్పలేదు.

చిన్నకోడలిది వెడల్పాటి పలచని పెనం. గోధుమపిండి ఎంత లాగితే అంత సాగుతుంది. పెనం మీద సగం కాల్చి నేరుగా మంట మీదికి తోస్తే పొంగేది పుల్కా. మడిచి, నూనె రాసి, మళ్ళీ ఒత్తి పొరలు తెప్పిస్తే చపాతీ. ఇంకా దళసరిగా, కడుపులో కూర కూడా కుక్కి కాల్చితే పరాఠా. అన్నిటికీ పొడిపిండి అద్దుకోవాలి, ఆ పిండి పెనం మీద రాలి మాడుతుంది. పాతగుడ్డతో ఓ తుడుపు తుడిస్తే సరి. ఆ పెనానికి ఏ పట్టింపులూ లేవు.

పట్టింపులన్నీ భూతద్దం గారి దోసె పెనానివే. బరువైన పోత ఇనుము, ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడుతుండేది. ఉల్లిపాయ చెక్కతో రుద్దాలి తప్ప దానికి సబ్బు తగలకూడదు, పీచు తగలకూడదు. ముఖ్యంగా దాని మీద చపాతీ కాల్చకూడదు. పొడిపిండి ఆ నునుపునంతా పీల్చేస్తుంది, మర్నాడు పోసిన దోసె పెనాన్ని కరుచుకుని చస్తే రానంటుంది.

రొట్టెల విషయంలో కూడా ఆమెకు ఓ అనుమాన సిద్ధాంతం ఉండేది. మడతలున్న దేన్నీ నమ్మకూడదని.

"దోసె బతుకు బహిరంగం. పిండి పోశామా, తిప్పామా, ఎత్తి వెలుతురుకు పట్టామా, అవతలి మనిషి కనబడతాడు. ఊతప్పం మందంగా ఉంటుంది గానీ దాని ఉల్లిపాయలు దాని నెత్తిమీదే ఉంటాయి. పెసరట్టుకు పులియబెట్టే నాటకాలు లేవు, నానబెట్టి రుబ్బితే చాలు. రవ్వదోసెకయితే ఒళ్ళంతా కిటికీలే. నీ పరాఠా సంగతి చెప్పవే! లోపల ఏం దాచారో కొరికితే గానీ తెలీదు" అనేది.

చిన్నకోడలు పడీ పడీ నవ్వేది. "అంటే నేను కూడా కడుపులో ఏదో దాచుకున్నాననేగా అక్కా?"

"నువ్వా? నువ్వు పుల్కావే పిచ్చిదానా. పొంగడం తప్ప నీకేం తెలుసు?"

అవి మంచిరోజులు. ఈ సంబంధం కుదిర్చిందే భూతద్దం. పెళ్ళిచూపుల్లో పిల్లను వంద ప్రశ్నలు వేసి, చివరికి అందరికంటే ముందు ఆమే సరేనంది. ఆ చిన్నకోడలికి ఓ ఆడపిల్ల పుట్టింది. పెద్దకోడలికి పిల్లలు లేరు. చిన్నది నిద్ర లేస్తూనే పెద్దమ్మ చంకెక్కేది. పొద్దున పెనం మీద పోసే మొదటి దోసె ఆ పిల్లదే, అరచేతంత బుల్లి దోసె. అది తిని పిల్ల తలూపితే గానీ బెంచీల మీదివాళ్ళకు దోసెలు వెళ్ళేవి కావు. డ్రైవర్లు దాన్ని ఇన్‌స్పెక్టరు గారూ అని పిలిచేవారు.

ఓ రోజు టైలరు ఊరికే నోరు జారాడు. "వదినా, నీ పెనం బొగ్గుకంటే నల్లగా ఉందే. పుట్టాక ఎప్పుడైనా తోమారా దాన్ని?"

"నీ నాలుకకంటే శుభ్రంగానే ఉంది, తిను" అని ఆమె దులిపేసింది. అందరూ నవ్వారు. మూలన చింతపండు గింజలు తీస్తున్న అత్తగారు మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే చిన్నదాని దోసె చిరిగింది. పిండి పలచబడిందేమోననుకుంది భూతద్దం. రెండోదీ చిరిగింది. మంట తగ్గించింది, పెంచింది, నీళ్ళు చిలకరించింది, ఉల్లిపాయతో రుద్దింది. ఊహూ. అట్లకాడ పెట్టి గోకితే దోసె పీలికలై వచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. బెంచీల మీదివాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత జోకులేశారు, ఆపైన ఒక్కొక్కరే డిపో గేటు దగ్గరి ఇడ్లీబండి వైపు నడిచారు.

ఇంకేముంది, భూతద్దం బయటికొచ్చింది. పొయ్యి వెలిగించకముందే పెనాన్ని గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో అణువణువూ గాలించింది. పిడి అతుకు దగ్గర, అంచు మడతలో, తెల్లటి పొడి కనిపించింది. వేలితో తీసి చూసింది. మెత్తగా ఉంది.

గోధుమపిండి! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో పొడిపిండితో పనిచేసేది ఒక్కతే. హాస్టలు వాళ్ళు ఈమధ్య చపాతీలు ఎక్కువ కావాలంటున్నారని మరిది చెప్పాడు కూడా. ఒక్క పెనం చాలక, అక్క మధ్యాహ్నం ఓ కునుకు తీసే వేళ చూసి, దోసె పెనం కూడా ఎక్కించేస్తోందన్నమాట!

ఒకసారి అనుమానం మొదలయ్యాక ఇక ఆ ఇంట్లో ప్రతిదీ సాక్ష్యమే. చిన్నకోడలు నవ్వితే తప్పు కప్పిపుచ్చుకోడానికి, నవ్వకపోతే తప్పు చేసినందుకు. పెనం దగ్గరకొస్తే ఆనవాళ్ళు చెరపడానికి, దూరంగా ఉంటే భయపడి. ఎక్కడ నిలబడాలో ఆ పిల్లకు అర్థమయ్యేది కాదు.

భూతద్దం పెనాన్ని ఎత్తయిన కొక్కేనికి తగిలించింది. చిన్నకోడలు పొట్టిది, పీట వేసుకోకుండా అందదు. ఆ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చిన్నకోడలు చపాతీలు ఒత్తేటప్పుడు కూర్చునే ఎత్తుపీట సరిగ్గా ఆ కొక్కెం కిందే ఉంది. మర్నాడు పొద్దున దోసె మళ్ళీ పీలికలైంది. పిడి దగ్గర మళ్ళీ తెల్లపొడి.

ఆమె ఇక ఆగలేకపోయింది. అత్తగారు గుడికి వెళ్ళిన వేళ, ఉన్న నలుగురు బెంచీల మీద ఉండగానే అట్లకాడ పట్టుకుని లోపలికి తిరిగింది.

"ఏమే, నీ పెనం నీకు చాలలేదా? చాటుగా నా పెనం మీద చపాతీలు కాల్చుకుంటావా? నోరు తెరిచి అడిగితే ఇంకోటి కొనిపెట్టేదాన్ని కాదూ? ఈ దొంగపని ఎందుకు?"

చిన్నకోడలి చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది. "నేను కాల్చలేదక్కా."

"పీట నీదే, పిండి నీదే. నువ్వు కాదంటే నమ్మడానికి నేనేమన్నా వెర్రిదాన్నా?"

"అక్కా, అత్తయ్య..."

"పెద్దావిడను మధ్యలోకి లాగావంటే ఊరుకోను. చేసిందంతా చేసి, ముసలామె మీదికి తోస్తావా?"

చిన్నకోడలు పాలగిన్నె గట్టు మీద పెట్టేసింది. బెంచీల మీద ఎవరూ నమలడం లేదు. వీధికి ఇంతకంటే ఏం కావాలి? టైలరు ముక్కున వేలేసుకున్నాడు, పూట గడవకముందే ఆ మాట డిపో అంతా తిరిగింది. సాయంత్రం హాస్టలు నుంచి డబ్బాలు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆయా కూడా చిన్నకోడలిని ఓ రకంగా చూసి, "మీ అక్క పెనం సంగతి నిజమేనా?" అని అడిగింది.

ఆ మాటతో చిన్నకోడలు నిర్ణయించుకుంది. మొగుడితో గది వెతికించింది. మరిది వచ్చి వదిన ముందు తల దించుకుని, "ఎల్లుండి పొద్దున వెళ్తున్నాం వదినా. హాస్టలుకు దగ్గరని వెళ్తున్నామనే అమ్మకు చెప్పాను. ఆటో మాట్లాడాను" అన్నాడు. భూతద్దం మొగుడు ఆ పూట గుమ్మం దగ్గర నిలబడి మొహం తేల్చుకోలేదు. నేరుగా లోపలికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "తమ్ముడు వేరుపడతాడని నేను కలలో కూడా అనుకోలేదు" అన్నాడు. ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

చిన్నది తన బొమ్మలన్నీ సంచిలో వేసుకుని, "పెద్దమ్మా, నీ పెనం కూడా వేసుకో" అంది. పెద్దమ్మ కూడా వస్తోందనే అనుకుంది పాపం. భూతద్దం మొహం తిప్పుకుంది. తప్పు చేసినవాళ్ళు పోతుంటే నాకెందుకు ఏడుపొస్తోందని తనమీద తనే అనుమానపడింది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నకోడలి సామానంతా వసారాలో ఉంది. మూట పైన చపాతీ పెనం బోర్లించి ఉంది. భూతద్దం అటుగా వెళ్తూ అలవాటు కొద్దీ వంగి చూసింది. అంచు చుట్టూ ఎప్పుడో రాలిన పొడిపిండి. కొంత కాఫీరంగు, కొంత నలుపు. తెల్లగా ఒక్క రవ్వయినా లేదు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. నిజమే కదా. చపాతీ కాలిన పెనం మీద పిండి తెల్లగా ఎలా ఉంటుంది? మాడిపోదూ? కాలిన పెనానికి కాలని పిండి ఎక్కడినుంచి వస్తుంది? పుట్టిన దగ్గర్నుంచీ పొయ్యి ముందే బతికిన మనిషికి ఇంత చిన్న సంగతి తట్టకపోవడం చూడండి! దొంగ దొరికిందన్న సంబరంలో దొరికింది ఏమిటో చూసుకోలేదు. పెనం దింపి, మిగిలిన పొడిని నాలుకకు తాకించింది. నాలుక చుర్రుమంది. గిన్నెలు తోమే పొడి!

ఆమె పెనాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించి, వెళ్ళి చాప వేసుకుని పడుకుంది. కళ్ళు మూసుకుంది గానీ పూర్తిగా మూయలేదు. కాసేపటికి అత్తగారు పిల్లిలా వచ్చింది. కోడలు నిద్రపోతోందా లేదా అని వంగి చూసింది. పీట లాక్కుంది, నడుం పట్టుకుంటూ ఎక్కింది, ఆ బరువైన పెనాన్ని రొమ్ముకు ఆనించుకుని దిగి, పెరట్లో కుళాయి దగ్గరికి మోసుకెళ్ళింది. పొడి చల్లి, పీచుతో బరబరా తోమడం మొదలుపెట్టింది.

భూతద్దం ఒక్క ఉదుటున పెరట్లోకి వెళ్ళింది. కడుపులో ఉన్న తిట్లన్నీ గొంతుదాకా వచ్చాయి.

"లేచావా? అయ్యో, చప్పుడుకు లేపేశానా?" అంది అత్తగారు, తలెత్తి చెమట తుడుచుకుంటూ. "ఆ టైలరు వెధవ నలుగురిలో నీ పెనం తోమలేదని అన్నాడే, నాకు ప్రాణం చివుక్కుమంది. నా కోడల్ని పట్టుకుని వాడెవడు శుభ్రం లేనిదనడానికి? నువ్వేమో చీకటితో లేస్తావు, నీకెక్కడ ఓపిక? అందుకే రోజూ నేను తోమి, ఇంత నూనె రాసి పెడుతున్నాను. ఇనుమన్నాక తోమకపోతే ఎలా? చెబితే వద్దంటావని చెప్పలేదు."

భూతద్దం ఆ పెనం పక్కనే చతికిలబడింది. ఈ అత్తగారికి తనంటే పడదనీ, పిల్లలు లేరని లోపల్లోపల ఏడుస్తుందనీ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె అనుమానం. ఆ ముసలి వేళ్ళు పొడికి చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి.

"బాగా తోమారత్తయ్యా" అంది చివరికి. అంతకుమించి ఏం అన్నా ఏడ్చేసేది.

వసారాలో చిన్నకోడలు మూట కడుతోంది. భూతద్దం ఎదురుగా కూలబడింది. "అత్తయ్య సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేమే!"

"చెప్పబోయాను. పెద్దావిడను లాగితే ఊరుకోనన్నావు." చిన్నకోడలు ముడి బిగించింది. "మళ్ళీ చెబితే మాత్రం నమ్మేదానివా అక్కా? ముసలామె మీద పెట్టి తప్పించుకుంటున్నాననేదానివి. నిజం చెప్పడానికి నువ్వు నాకు చోటెక్కడ ఉంచావు?"

ఆ మాట భూతద్దానికి సూటిగా తగిలింది. "తప్పయిపోయిందే. ఉండిపో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకులే. దొంగనన్నది వీధిలో. ఇక్కడ మూల కూర్చుని తప్పయిపోయిందంటే వీధికి వినబడుతుందా? రేపు హాస్టలు ఆయా మొహం నేనెలా చూడను?"

అందులో అన్యాయం లేదు. కానీ వీధిలో నిజం చెబితే అత్తగారు ఏమైపోతుంది? ఇల్లు పగిలింది నీ చేతులవల్లే అని ఆ చేతులకు ఎలా చెప్పడం? భూతద్దానికి ఆ పూట అన్నం సయించలేదు.

పొద్దున షట్టరు లేచింది. ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. మరిది మూటలు ఎక్కిస్తున్నాడు. చిన్నకోడలు పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. భూతద్దం పిల్లకని బుల్లి దోసె పోసింది. అది చిరిగింది.

బెంచీ మీద టైలరు నాలుక చప్పరించాడు. "వెళ్తూ వెళ్తూ కూడా చపాతీలు కాల్చేసి పోతోందా వదినా మీ చిన్నకోడలు?"

భూతద్దం అట్లకాడ కిందపెట్టింది. బస్సులకు వినబడేంత గట్టిగా చెప్పింది. "దాన్ని ఒక్క మాటన్నా ఊరుకోను. అది నా పెనం ముట్టలేదు. ఎప్పుడూ ముట్టలేదు. పెనం పాడుచేసింది నేనే. బుద్ధి గడ్డితిని నేనే తోమాను. తోమి, ఆ పొడి చూసి, బంగారంలాంటి పిల్లను దొంగనన్నాను. మీ అందరి ముందూ అన్నాను గనక మీ అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది."

భూతద్దం తప్పు ఒప్పుకోవడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

అప్పుడు లోపలినుంచి అత్తగారు విసురుగా వచ్చింది. "అబద్ధం! ఇది తోమడమేమిటి, తోమింది నేను! రోజూ నడుం పడిపోయేలా నేను తోముతుంటే, పేరు ఇది కొట్టేస్తుందా? ఇదిగో చేతులు, కావాలంటే చూడండి!" అని ఎర్రబడ్డ రెండు చేతులూ బెంచీల ముందు చాపింది. "ఏరా టైలరూ, ఇప్పుడను, మా పెనం మురికని!"

ముందు నవ్వింది చిన్నకోడలే. పిల్ల చంకలోంచి జారిపోయేంతగా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. తర్వాత డ్రైవర్లు, చివరికి టైలరు. నవ్వెందుకో అత్తగారికి తెలియలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు కూడా.

"నవ్వానని మర్చిపోయాననుకోకు అక్కా. కొన్నాళ్ళు నీతో సరిగ్గా మాట్లాడను, ముందే చెబుతున్నా" అంది చిన్నకోడలు. అని, ఆటో దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడ్డ మొగుడికేసి తిరిగింది. "ఏంటలా చూస్తావు? దింపు."

ఇక మిగిలింది అత్తగారి తోముడు. అది మానిపించడం ఎవరి తరమూ కాలేదు, మానిపించే ధైర్యమూ ఎవరికీ లేదు. అందుకని భూతద్దం మొగుడు డిపో పక్కనున్న పాత సామాన్ల కొట్లోంచి అచ్చం అలాంటిదే ఓ నల్లటి పెనం తెచ్చాడు. దాన్ని ఆవిడకు అందేలా కింది కొక్కేనికి తగిలించారు. ఇప్పుడావిడ రోజూ మధ్యాహ్నం దాన్ని తళతళలాడేలా తోముతుంది. పెద్దకోడలు రోజూ చూసి, "ఎంత బాగా తోమారత్తయ్యా" అంటుంది.

అసలు పెనాన్ని నూనె పట్టించి, ఉల్లిపాయతో రుద్ది, మళ్ళీ దారికి తెచ్చేసరికి చాలా దోసెలు బలయ్యాయి. ఆ పీలికలన్నీ చిన్నదే తిని తలూపింది. ఇప్పుడు పొద్దుటి పని అవగానే ఆ పెనాన్ని గుడ్డలో చుట్టి చిన్నకోడలి మంచం కింద పెడతారు. అది భూతద్దం తనే ఎంచిన చోటు. చపాతీలు ఒత్తేది కూడా ఇప్పుడు ఆ గదిలోనే. సాయంత్రం అందులోంచి చపాతీ కర్ర చప్పుడు వినబడుతుంది, పొడిపిండి గడపదాకా ఎగిరొస్తుంది. ఆమె గుమ్మం ముందునుంచే అటూ ఇటూ తిరుగుతుంది గానీ, ఒక్కసారి కూడా వంగి మంచం కిందికి చూడలేదు.